కరాటే క్లాసు ఉంది కదా, స్కూల్ టీమ్ పెట్టేద్దామా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కొళత్తూర్‌లో మీ స్కూలు, వారానికి రెండు రోజులు బయటి నుంచి కరాటే మాస్టర్ వస్తారు, ఫీజు విడిగా. ఇప్పుడు మీ కరస్పాండెంట్ గారు "కబడ్డీ, వాలీబాల్ లాగే దీన్నీ ఒక గేమ్‌గా పెట్టి వచ్చే ఏడాది జోనల్ పోటీలకి టీమ్ పంపుదాం" అంటున్నారు. పేరెంట్స్‌లో సగం మందికి సంబరం, మిగతా సగానికి "మా వాడి పళ్ళు రాలతాయేమో" అని టెన్షన్. కరాటేనే ఉంచాలా, జూడోనా, తైక్వాండోనా, సిలంబమా (తమిళుల కర్రసాము) అని మీరు అడిగారు.

మాది సూళ్లూరుపేట పక్కన పల్లె. ఉత్తర చెన్నైలో 31 ఏళ్లు పీటీ మాస్టర్‌గా చేసి రిటైరయ్యాను. అందులో ఇరవై ఏళ్లకు పైగా జూడో టీమ్ నడిపాను, కరాటే పిల్లల్ని కూడా పోటీలకు తీసుకెళ్లాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక చేసుకోండి.

ముందు మీ దగ్గర ఇప్పుడు ఏముందో చూడండి. వరసగా నిలబడి గాలిలో గుద్దులు, మూడు నెలలకోసారి బెల్ట్ టెస్టు, టెస్టుకో ఫీజు, యానివర్సరీ నాడు స్టేజి మీద పెంకులు పగలగొట్టడం. ఆ పెంకుల సంగతి నాకు బాగా తెలుసు. వాటిని ఏరి తెచ్చేది, బాగా సన్నగా ఉన్నవి పైన పెట్టేది పీటీ మాస్టరే. తప్పేం లేదు, పిల్లలకి ఒళ్ళు కదులుతుంది, అమ్మానాన్నలు ఫోటోలు తీసుకుంటారు. కానీ అది క్లాసు. దాన్ని యథాతథంగా జోనల్‌కి తీసుకెళ్తే ఏమవుతుందో ఒకసారి కళ్ళారా చూశాను.

మా స్కూల్లో ఏడో తరగతి అమ్మాయి, బ్రౌన్ బెల్టు. కాలు ఎత్తితే చెవి దాటేది. మొదటి బౌటులో ఎదురుగా ఇంకా కింది మెట్టులో ఉన్న పసుపు బెల్టు పిల్ల, పక్క వీధి కార్పొరేషన్ స్కూలు. రిఫరీ "హాజిమే" (మొదలెట్టండి) అన్నాడో లేదో ఆ పిల్ల సూటిగా లోపలికొచ్చి గుద్దింది, ఒక పాయింటు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ గుద్దింది. మా అమ్మాయి చేతులు క్లాసులో ఎక్కడ పెట్టమన్నారో అక్కడే ఉన్నాయి, కదల్లేదు. నిమిషం తిరక్కుండానే ఎనిమిది పాయింట్ల తేడా వచ్చేసింది, ఆట ముగిసింది. బయటికి వచ్చి ఏడవలేదు కానీ "సార్, తను ఆగకుండా వస్తోంది, అలా రావచ్చా?" అని అడిగింది. మూడేళ్లు నేర్చుకున్న పిల్లకి, ఎదుటివాళ్ళు మన కోసం ఆగరని ఎవరూ చెప్పలేదు. ఆ తప్పు ఆ పిల్లది కాదు, నాది కూడా.

కాబట్టి ఏ విద్య అన్నది తర్వాత చూద్దాం. దాన్ని ఆటగా నడపడానికి మీ దగ్గర మూడు ఉండాలి: సమాన బరువున్న జోడీలు, వారం వారం స్కూల్లోనే బౌట్లు, పైకెక్కడానికి ఒక నిచ్చెన.

నిచ్చెన గురించి చెబుతాను, ఎందుకంటే పేరెంట్స్ మోసపోయేది ఇక్కడే. తమిళనాడులో స్కూలు ఆటలు విద్యాశాఖ నడుపుతుంది. భారతియార్ దినం, రిపబ్లిక్ డే పేర్లతో జోనల్ నుంచి జిల్లాకి, అక్కడి నుంచి రాష్ట్రానికి. అండర్ 14, 17, 19 విభాగాలు. జూడో, తైక్వాండో, ఫెన్సింగ్ (కత్తి ఆట), సిలంబం లాంటివి వీటిలోకి వచ్చి చాలా ఏళ్లయింది. రాష్ట్రం దాటితే 1954లో మొదలైన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ జాతీయ పోటీలు. మీది సీబీఎస్‌ఈ అయితే బోర్డు సొంత పోటీలు వేరే ఉంటాయి, క్లస్టర్ నుంచి జాతీయం దాకా. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటాలో స్కూలు స్థాయి జాతీయ పోటీలకు నాలుగో నంబరు ఫారం అని ఒకటుంది. విద్యాశాఖ డైరెక్టరేట్ తరఫున సంతకం పడాలి. ఒక కల్యాణ మండపంలో ఆదివారం పొద్దున మొదలై సాయంత్రానికి ముగిసే "ఆల్ ఇండియా ఓపెన్ నేషనల్"లో వచ్చిన మెడల్‌కి ఆ ఫారం రాదు. అలాంటి మెడల్స్ పదీ పదిహేను గోడకి తగిలించుకుని, ప్లస్ టూ అయ్యాక నా దగ్గరికి వచ్చి "సార్, కోటాలో పనికొస్తాయా?" అని అడిగిన తండ్రుల్ని చూశాను. వాళ్ళకి జవాబు చెప్పడం కంటే ఎర్రటి ఎండలో గ్రౌండ్ చుట్టూ పరిగెత్తడం తేలిక. ఒక్కో పోటీకి ఎంట్రీ ఫీజు, ప్రయాణం, హోటలు కలిపి ఎంత కట్టారో వాళ్ళే లెక్క చెప్పేవారు.

కరాటేలో ఈ బాధ కొంచెం ఎక్కువ, సంఘాలు మరీ ఎక్కువ కాబట్టి. మీ మాస్టర్ ఏ సంఘమైనా కావచ్చు, మీరు అడగాల్సింది ఒక్కటే: "ఈ ఏడాది మన జోన్ సర్క్యులర్‌లో ఈ ఆట ఉందా? చూపించండి." సర్క్యులర్ కాగితం చేతికి వచ్చాకే కరస్పాండెంట్ గారితో మాట్లాడండి.

స్కూలు ఆట ఒక పిల్లని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో పేరెంట్స్ మీటింగులో చెప్పాలంటే భవానీ దేవి కథ చెప్పండి. పుట్టి పెరిగింది మన చెన్నైలోనే, వాళ్ళ నాన్నగారిది సామర్లకోట వైపు, మన తెలుగు ఇల్లే. 2004లో స్కూల్లో ఆటల పేర్లు రాసుకుంటుంటే మిగతా ఆటలన్నీ నిండిపోయి ఫెన్సింగ్‌లో మాత్రం ఖాళీ ఉందట. మొదట్లో వెదురు కర్రలతోనే ప్రాక్టీసు. కత్తి విరిగితే మళ్ళీ కొనడం కష్టం కాబట్టి అసలు కత్తి పోటీలకు దాచుకునేవారు. అదే అమ్మాయి టోక్యో ఒలింపిక్స్‌లో ఆడిన మొదటి భారత ఫెన్సర్. మొదటి బౌటు 15-3తో గెలిచింది, తర్వాతది 7-15తో ఓడింది. మీ స్కూల్లోంచి ఒలింపియన్ వస్తుందని నేను మాట ఇవ్వడం లేదు. ఆ రోజు ఆ స్కూల్లో ఆ ఖాళీ ఉండబట్టే కదా అంటున్నాను.

ఇక ఏ ఆట. నా అభిప్రాయం చెబుతాను, కోపం వచ్చేవాళ్ళకి రావచ్చు.

కరాటే మాస్టర్ ఇప్పటికే ఉన్నారు కాబట్టి వెంటనే తీసెయ్యకండి. కతా నుంచి మొదలుపెట్టండి. ఒంటరిగా చేసే వరుస, ఎవరూ ఎవర్నీ తాకరు, నాలుగో తరగతి పిల్ల కూడా పోటీలో నిలబడొచ్చు, భయపడే పేరెంట్స్‌కి అదే మొదటి మెట్టు. కుమితేని, అంటే ఇద్దరు ఎదురెదురుగా ఆడే బౌటుని, సినిమా ఫైటు అనుకుంటారు. గుద్దుకి ఒక పాయింటు, పొట్ట మీద కిక్‌కి రెండు, తలకి వేసిన కిక్‌కి మూడు, అదుపు లేకుండా గట్టిగా కొడితే కొట్టినవాడికే వార్నింగ్. ఇది మీటింగులో ఇద్దరు పిల్లల్ని నిలబెట్టి చూపిస్తే సగం టెన్షన్ పోతుంది. ఒలింపిక్స్ అడిగేవాళ్ళు ఉంటారు. కరాటే టోక్యోలో ఒక్కసారే ఉంది, పారిస్‌లో లేదు. జూడో మొదట 1964లో వచ్చింది, తైక్వాండో 2000 నుంచి ఉంది. ఆరో తరగతి పిల్లాడికి ఇది అంత ముఖ్యం కాదు, కానీ అడిగితే నిజం చెప్పాలి.

తైక్వాండోలో చిక్కు సామాను. పైస్థాయి పోటీల్లో సెన్సర్లున్న చెస్ట్‌గార్డు, సెన్సర్ సాక్సు వాడతారు. తగిలిందా లేదా అన్నది మెషిన్ చెబుతుంది. మామూలు గార్డుల మీద ప్రాక్టీసు చేసిన పిల్లలు అక్కడికి వెళ్ళి "నేను కొట్టాను సార్, పడలేదు" అని ఏడుస్తారు. ఆ సెట్లు కొనగలిగే స్కూలైతే మంచి ఆట. లేకపోతే పక్క స్కూలుతో కలిసి వాడుకోవాలి.

సిలంబం మీరు చిన్నచూపు చూడకండి. కర్ర కొన్ని వందల రూపాయలు, మ్యాట్ అక్కర్లేదు, మట్టి నేల చాలు. మన ఊళ్ళలో కర్రసాము, సాము గరిడీ చూసి పెరిగిన తాతలకి వివరించక్కర్లేదు, చూడగానే కళ్ళు మెరుస్తాయి. ఇక్కడ నేర్పే ఆశాన్‌లు దొరుకుతారు, ప్రభుత్వం కూడా ఆసరా ఇస్తోంది. 2024 జనవరిలో తమిళనాడులో జరిగిన ఖేలో ఇండియా యూత్ గేమ్స్‌లో దీన్ని ప్రదర్శన క్రీడగా పెట్టారు. బలం కంటే అడుగు, మణికట్టు ముఖ్యం కాబట్టి సన్నగా ఉన్న పిల్లలు వెలుగుతారు. ఒకటే జాగ్రత్త: పిల్లకీ పిల్లకీ మధ్య రెండు కర్రల దూరం. తల తిప్పి స్నేహితురాలితో మాట్లాడేవాళ్ళని ఆ రోజుకి కూర్చోబెట్టాలి.

కోడి రామమూర్తి గారి పేరు సర్కస్‌తోనే గుర్తుంది మనవాళ్ళకి. ఆయన ఈ మద్రాసు సైదాపేటలోనే ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తను చదివిన హైస్కూల్లోనే డ్రిల్లు మాస్టర్‌గా పనిచేశారు. తాలింఖానా (పాతకాలపు వ్యాయామశాల) నుంచి స్కూలు గ్రౌండుకి దారి వేసినవాళ్ళు మన వృత్తివాళ్ళే అని నాకు కొంచెం గర్వం. విషయానికి సంబంధం లేదు, రాయకుండా ఉండలేకపోయాను.

నా మనసు జూడో మీద అని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. దాన్ని పెట్టిన కానో జిగోరో స్వయంగా బడి పంతులు, టోక్యోలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకి ప్రిన్సిపాల్. 1882లో పన్నెండు చాపల గదిలో మొదలుపెట్టాడు. ఇందులో మొదట నేర్పేది పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, చేత్తో మ్యాట్ మీద చటుక్కున చరుస్తూ పడాలి. ఇరవై మంది పిల్లలు ఒకేసారి పడుతుంటే వానజల్లు రేకుల మీద పడ్డట్టుంటుంది ఆ చప్పుడు. ఆ చప్పుడు సరిగ్గా రానివాణ్ణి ఎవరూ విసరకూడదు, అది నా లెక్క. నా పాత స్టూడెంట్ ఒకడు పాడి ఫ్లైఓవర్ మీద బైకు జారి పడి, మోచేతులు గీసుకుపోయి, తల మాత్రం క్షేమంగా లేచాడు. "గడ్డం లోపలికి వెళ్ళిపోయింది సార్, నాకు తెలీకుండానే" అన్నాడు.

అయితే జూడోనే మంచిది అని గుడ్డిగా పెట్టొద్దు. జపాన్‌లో స్కూలు జూడోలో 1983 నుంచి మూడు దశాబ్దాల్లో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ ఆట పుట్టిన దేశంలో! ఎక్కువ తల గాయాలే, అందులో కొత్తగా చేరిన మొదటి ఏడాది పిల్లలు చాలామంది. వెల్లకిలా పడేసే "ఓసోటోగారి" అనే పట్టు ఉంది. మెడ గట్టిపడని పిల్లాణ్ణి దానితో పడేస్తే తల నేలకి తగలకపోయినా ఒక్క విసురుకి లోపల రక్తనాళం తెగొచ్చు. 2012 ఏప్రిల్ నుంచి అక్కడ మిడిల్ స్కూళ్ళలో యుద్ధవిద్యలు తప్పనిసరి పాఠం చేశారు, అప్పుడే ఈ లెక్కలన్నీ తల్లిదండ్రులు బయటికి లాగి గట్టిగా అడిగారు, జాగ్రత్తలు పెంచారు. నేను దీన్నుంచి తీసుకున్న నియమం: మొదటి ఆరు నెలలు నిలబడి విసరడం లేదు. మోకాళ్ళ మీద పట్లు, నేల మీద పట్లు, పడటం. మొదటి ఏడాది వెనక్కి పడేసే పట్టు అసలు నేర్పను. తలకి ఏ దెబ్బ తగిలినా, తల తిరిగిందన్నా, వాంతి వచ్చినట్టుందన్నా ఆ రోజు మళ్ళీ మ్యాట్ ఎక్కించను. డాక్టర్ చీటీ లేకుండా ఆ వారం కూడా. ఫైనల్ అయినా సరే.

మ్యాట్ దగ్గర స్కూళ్ళు పొదుపు చేస్తాయి, అందుకని వివరంగా రాస్తున్నా. కరాటేకి వేసే రంగు రంగుల పజిల్ మ్యాట్ మీటరు చదరం, రెండు రెండున్నర సెంటీమీటర్ల మందం. జారకుండా ఉండటానికి బాగుంటుంది, విసరడానికి పనికిరాదు. జూడో మ్యాట్ ఒక్కోటి మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్లు, గట్టిగా ఉంటుంది. ఆరు మీటర్ల చదరానికి 18 కావాలి, పోటీ కొలత ఎనిమిది మీటర్లకి 32, చుట్టూ ఖాళీకి ఇంకా విడిగా. "ఉన్న పజిల్ మ్యాట్ల మీదే రెండు పొరలు వేసి కానిద్దాం సార్" అంటారు. వద్దు. పొరలు జారి మధ్యలో సందు వస్తుంది, బొటనవేలు అందులో ఇరుక్కుంటుంది. నవంబరు వానల్లో మ్యాట్లు గోడకి ఆనించి నిలబెట్టండి, నేల మీద వదిలితే కింద బూజు. వారానికి రెండుసార్లు తుడవకపోతే తామర ఒకడి మెడ నుంచి క్లాసంతా పాకుతుంది. నా బ్యాగులో విజిల్ లేని రోజు ఉండొచ్చు కానీ గోళ్ళు తీసే కట్టర్ లేని రోజు లేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు. బహుశా పదిహేడేళ్ల కిందట. ఎనిమిదో తరగతి కుర్రాడు, బంగారం లాంటి పట్టు. పోటీకి ముందు రోజు తూకం వేస్తే ఎనిమిది వందల గ్రాములు ఎక్కువ. పై విభాగంలో అయితే పొడుగు పిల్లలు, గెలవడు. నేనే రాత్రి అన్నం మానెయ్యమన్నాను, నీళ్ళు గుక్కెడు మించి వద్దన్నాను, పొద్దున్నే రెయిన్‌కోటు వేసి గ్రౌండు చుట్టూ పరిగెత్తించాను. తూకం సరిపోయింది. నేను సంతోషించాను. రెండో బౌటులో వాణ్ణి ఎవరూ పడెయ్యలేదు, వాడే మోకాళ్ళ మీద కూలిపోయాడు. పెదాలు తెల్లగా. ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించారు, సాయంత్రానికి తేరుకున్నాడు. వాళ్ళమ్మ పూలు అమ్మేది, గంపతోనే వచ్చేసింది. నన్ను ఒక్క మాట అనలేదు. "రాత్రి అన్నం వద్దంటే పోటీ భయం అనుకున్నాను సార్. మీరు చెప్పారని చెప్పలేదు వాడు" అంది. అంతే.

అప్పటి నుంచి నెల మొదటి సోమవారం టిఫిన్ తిన్నాక తూకం, ఆ అంకె ఏ విభాగంలో పడితే వాడు అందులోనే ఆడతాడు. మెడల్ పోతే పోతుంది. కొన్ని పోయాయి కూడా.

ఆడపిల్లల గురించి మీరు అడగలేదు, కానీ టీమ్ నిలబడేది వాళ్ళతోనే. ఆరో తరగతిలో పదిహేను మంది చేరితే ఎనిమిదో తరగతికి నలుగురు మిగులుతారు. ఎందుకని ఏళ్ల తరబడి నాకు అర్థం కాలేదు. చివరికి మా సైన్స్ టీచరమ్మ చెప్పారు: తెల్ల ప్యాంటు సార్. నెలలో ఆ రోజుల్లో తెల్ల డ్రెస్సు వేసుకుని అందరి ముందు కాళ్ళు చాపి పడాలంటే ఏ పిల్ల వస్తుంది? మర్నాటి నుంచి ప్రాక్టీసుకి ముదురు నీలం ట్రాక్ ప్యాంటు పెట్టాం. జూడోలో పోటీలకి కూడా నీలం డ్రెస్సు ఉంటుంది. ఆ ఏడాది పదకొండు మంది మిగిలారు. దానితో పాటు ఒక లేడీ టీచర్ ప్రాక్టీసులో, ప్రయాణంలో ఎప్పుడూ ఉండాలి. పట్టు సరిచేసే మిషతో చెయ్యి వేసే మాస్టర్లు లేరని నేను అనను. పట్టు చూపించాలంటే పిల్లకీ పిల్లకీ చూపించాలి, అందరి ఎదుట, తలుపులు తీసి.

ఇక అసలు తేల్చుకోవాల్సింది మాస్టర్ జీతం. ఇప్పుడు ఆయనకి ఆదాయం ఎక్కడి నుంచి? తలకింత ఫీజు, బెల్టు టెస్టు, డ్రెస్సు, పోటీ ఎంట్రీ. అంటే ఎంతమంది చేరితే, ఎన్ని టెస్టులు పెడితే అంత. ఆయన మంచివాడైనా ఈ లెక్క ఆయన్ని అటే లాగుతుంది. దెబ్బ తగిలిన పిల్లాణ్ణి దింపేస్తే ఎంట్రీ ఫీజు పోతుందనే ఆలోచన మ్యాట్ పక్కన నిలబడ్డవాడికి రాకూడదు. టీమ్ పెట్టాలంటే ఆయనకి స్కూలు నెలజీతం ఇవ్వాలి, పిల్లల దగ్గర విడిగా ఒక్క రూపాయి వసూలు చేయకూడదు. బెల్టు టెస్టులు ఏడాదికి ఒకటి, అదీ ఇష్టమైతే. ఏ పోటీకి వెళ్ళాలి, ఎవరు ఆడాలి, ఎవర్ని మధ్యలో ఆపాలి అనే నిర్ణయం మీ పీటీ టీచర్ చేతిలో ఉండాలి, కాగితం మీద. దీనికి మీ మాస్టర్ ఒప్పుకుంటే కరాటేతోనే వెళ్ళండి. ఒప్పుకోకపోతే క్లాసు క్లాసుగానే నడవనివ్వండి, టీమ్‌కి వేరే ఆట చూడండి. కరస్పాండెంట్ గారికి జీతం మాట నచ్చదని నాకు తెలుసు. బస్ డ్రైవర్‌కి కిలోమీటర్ల లెక్కన డబ్బిస్తామా అని అడిగి చూడండి. నేను ఒకసారి అలాగే ఒప్పించాను.

వచ్చే ఏడాదే జోనల్ అన్నది మాత్రం వదిలెయ్యండి. జూన్‌లో బడి తెరిస్తే జూలై ఆగస్టుల్లోనే జోనల్ మొదలవుతుంది, రెండు నెలల్లో ఎవరూ తయారవరు. మొదటి ఏడాది హౌసుల మధ్య పెట్టండి. జోడీ కట్టేటప్పుడు బరువు తేడా పదో వంతు దాటకూడదు, క్లాసు చూడకండి, తూకం చూడండి. శుక్రవారం ఆఖరి పీరియడ్, రెండేసి నిమిషాల బౌట్లు, పెద్ద క్లాసు పిల్లలే స్కోరర్లు. ఓడినవాళ్ళు మరుసటి శుక్రవారం మళ్ళీ ఆడాలి, నాకౌట్ పద్ధతి వద్దు. బయట ఎవరితోనైనా చెయ్యి చేసుకుంటే మూడు వారాలు మ్యాట్ బంద్. ఇది మొదటి రోజే చెప్పండి. ఇరవై ఏళ్లలో ఇది వాడాల్సి వచ్చింది నాలుగైదు సార్లే.

బాక్సింగ్ గురించి ఎవరో పేరెంట్ అడిగారని రాశారు. ఉత్తర చెన్నైలో ఉండి బాక్సింగ్ వద్దనడం నాకూ కష్టమే, కానీ తలే గురి అయిన ఆటని అలవాటు లేని స్కూలు మొదటి ఆటగా పెట్టకూడదు. మన నిఖత్ జరీన్‌ని చూపించి అడుగుతారు. ఆ పిల్ల ఇష్టపడితే మంచి క్లబ్బుకి పంపండి, స్కూలు మ్యాట్ మీద వద్దు.

మీ హాలు పొడవు, వెడల్పు ఎంతో కొలిచి రాయండి, ఎన్ని మ్యాట్లు పడతాయో లెక్క వేసి చెబుతాను. మధ్యలో స్తంభాలుంటే వాటి మధ్య దూరం కూడా రాయండి. స్తంభాలకి పాత పరుపులు చుట్టడానికి కొబ్బరి తాడు వాడకండి, ముళ్ళు గుచ్చుకుంటాయి. పాత సైకిల్ ట్యూబులు గట్టిగా నిలుస్తాయి.